నేలమాళిగలోకి దిగేవాళ్ళకి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో డంజియన్ క్రాలర్ ఆటల (నేలమాళిగల్లోకి దిగుతూ ఆడే కంప్యూటర్, ఫోన్ ఆటలు) గురించి ఓ పేరా రాసి, ఆసక్తి ఉన్నవాళ్ళు ప్రశ్నలు పంపండి అన్నాను. ఇన్ని వస్తాయనుకోలేదు. ఫోన్ తప్ప ఇంకేదీ లేని పిల్లల దగ్గర్నుంచి, పాతికేళ్ళ కిందట నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడినవాళ్ళ దాకా రాశారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి, ఈ నెల చోటంతా వీటికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: అన్నా, యూట్యూబ్‌లో డంజియన్ క్రాలర్ అన్న మాట తెగ వినిపిస్తోంది. కత్తి పట్టుకుని రాక్షసుల్ని కొట్టే ఆటలన్నీ అవేనా? నా ల్యాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు లేదు. దేనితో మొదలుపెట్టమంటావు?
– డిగ్రీ విద్యార్థి, కర్నూలు

కాదు తమ్ముడూ. కత్తీ రాక్షసుడూ ఉంటే చాలదు. కిందికి దిగుతూ పోయే చోటొకటి ఉండాలి, దిగేకొద్దీ చేతిలో ఉన్నవి తరిగిపోతూ ఉండాలి, అది దివిటీ కావచ్చు, తిండి కావచ్చు, మందు సీసాలు కావచ్చు. అప్పుడు ప్రతి మెట్ల వరస దగ్గరా "ఇంకో అంతస్తు దిగాలా, దొరికింది చాలనుకుని వెనక్కి పోవాలా" అని మనసు కొట్టుకుంటుంది చూడు, ఆ కొట్టుకోవడం ఉంటేనే నా లెక్కలో అది డంజియన్ క్రాలర్. లేదంటే బొమ్మలు ఎంత బాగున్నా నాకు అది వేరే రకం ఆట. ఈ నెల జవాబులన్నిట్లోనూ నేను ఆటల్ని తూచేది ఆ ఒక్క రాయితోనే, ముందే చెప్పేస్తున్నాను.

దీని పుట్టుక కంప్యూటర్లో కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చారు. కాగితం, పెన్సిలు, పాచికలు, చుట్టూ నలుగురు స్నేహితులు, అంతే సరంజామా. ఒకడు నేలమాళిగ పటం గీసి దాచిపెట్టుకుంటాడు, మిగతావాళ్ళు "ఎడమకి తిరుగుతాం, తలుపు తెరుస్తాం" అంటూ నోటితో ఆడతారు. ఆ పటం గీసేవాడి పనిని కంప్యూటర్‌కి అప్పజెబితే వచ్చినవే మన ఆటలు.

నీ ల్యాప్‌టాప్‌కి బ్రోగ్ అనే ఆట పెట్టు. ఇప్పుడు నడుస్తున్నది కమ్యూనిటీ ఎడిషన్ అనే రూపం, పూర్తిగా ఉచితం, నీ మెషీన్ కంటే పాతవాటి మీద కూడా హాయిగా నడుస్తుంది. బొమ్మల బదులు రంగురంగుల అక్షరాలు కనిపిస్తాయి, మొదటి పది నిమిషాలు ఇదేంటి అనిపిస్తుంది, ఓపిక పట్టు. దేని మీద మౌస్ పెట్టినా అదేమిటో, దాంతో కొట్లాడితే ఎన్ని దెబ్బలకి చస్తుందో, నువ్వు ఎన్ని దెబ్బలకి పోతావో మాటల్లో చెప్పేస్తుంది. 26 అంతస్తులు దిగి ఒక తాయెత్తు తీసుకుని మళ్ళీ పైకి రావాలి. ఇందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, రాక్షసుల్ని చంపినందుకు నీ బలం పెరగదు. దొరికిన వస్తువులే బలం. కాబట్టి కనిపించినవాడితో కలబడటం తెలివైన పని కాదు, పక్కనుంచి జారుకోవడం, తలుపు వేసెయ్యడం, గడ్డికి నిప్పుపెట్టి పారిపోవడం తెలివైన పనులు. సంకెళ్ళతో కట్టేసిన బందీ కనిపిస్తే కాపలావాళ్ళ సంగతి చూసి విడిపించుకో, వాడు నీ వెంటే వచ్చి నీకోసం కొట్లాడతాడు. మొదటిసారి నా వెంట నాలుగైదు అంతస్తులు నడిచిన కోతిలాంటి గోబ్లిన్ ఒకడు నన్ను కాపాడబోయి చచ్చిపోతే, నిజంగా బాధపడి ఆ రాత్రికి ఆట కట్టేశాను.

హాస్టల్లో స్నేహితులతో కలిసి ఆడాలంటే టార్చ్‌లైట్ 2 తీసుకోండి, 2012లో వచ్చింది, సేల్‌లో చవకగా దొరుకుతుంది. ఒకే చోట ఉన్న కంప్యూటర్లని కలిపే లాన్ నెట్‌వర్క్ మీద ఆరుగురి దాకా ఆడొచ్చు. సంచి నిండితే మన పెంపుడు కుక్కకో పిల్లికో సామానంతా అప్పజెబితే అదే ఊళ్ళోకి పోయి అమ్ముకొస్తుంది. నా తూకంలో ఇది కాస్త తేలికే, వెనక్కి పోవాలా అన్న టెన్షన్ దాదాపు ఉండదు. కానీ నలుగురు కలిస్తే ఆ లోటు తెలియదు.

ప్రశ్న: సార్, నా దగ్గర మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే ఉంది. ఏ గేమ్ వేసుకున్నా రెండు నిమిషాలకో యాడ్, లేదంటే డబ్బులు కడితేనే మంచి కత్తి. యాడ్స్ లేని డంజియన్ గేమ్ ఫోన్‌లో అసలు ఉందా?
– ఇంటర్ విద్యార్థిని, సిద్దిపేట

ఉందమ్మా. షాటర్డ్ పిక్సెల్ డంజియన్. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది ఫోన్ గురించే అడిగారు, అందరికీ ఇదే జవాబు.

ఒలెగ్ డోల్యా అనే ఆయన 2012లో పిక్సెల్ డంజియన్ అని చేసి, తర్వాత దాని సోర్స్ కోడ్‌ని అందరికీ వదిలేశాడు. దాన్ని తీసుకుని ఎవాన్ డెబెన్‌హామ్ అనే అతను 2014 నుంచి దిద్దుతూ, పెంచుతూ వస్తున్నాడు. ఇన్నేళ్ళయినా కొత్త అప్‌డేట్లు ఆగలేదు. ఆండ్రాయిడ్‌లో ఉచితం, యాడ్ లేదు, "ఎనర్జీ అయిపోయింది, రేపు రా" అనడం లేదు, డబ్బుతో కొనుక్కునే కత్తి లేదు. నెట్ లేకపోయినా నడుస్తుంది, కాబట్టి బస్సులో ఆడుకోవచ్చు. మనం అడుగు వేస్తేనే శత్రువు అడుగు వేస్తాడు, కాబట్టి మధ్యలో అమ్మ పిలిస్తే ఫోన్ పక్కన పెట్టి వెళ్ళొచ్చు.

మురుగు కాలవల్లో మొదలై జైలు, గుహలు, మరుగుజ్జుల నగరం దాటి దయ్యాల మందిరాల దాకా దిగాలి. ప్రతి అయిదో అంతస్తులో ఒక పెద్ద శత్రువు కాపలా ఉంటాడు. చచ్చిపోతే మళ్ళీ మొదటి అంతస్తు నుంచే, అదీ పాత అంతస్తు కాదు, ఆటే కొత్తగా అల్లుకున్న అంతస్తు. వైకుంఠపాళిలో పెద్ద పాము మింగి కింది వరసకి దింపేసినట్టు ఉంటుంది, మొదట్లో కోపమొస్తుంది. అయితే ఆ పటంలో గవ్వలు ఎలా పడితే అలా పోవడమే, ఇక్కడ మాత్రం ఎక్కడ తప్పు చేశావో నీకు స్పష్టంగా తెలుస్తుంది.

కొన్ని సంగతులు చెప్తాను, ఇవి తెలియక నేను చాలాసార్లు పోయాను. సీసాల రంగులు ప్రతి ఆటకీ మారతాయి. నిన్న ఎర్ర సీసా వైద్యం చేసింది కదా అని ఇవాళ తాగితే ఒళ్ళు అంటుకోవచ్చు. తెలియని సీసాని శత్రువులు లేనప్పుడు, కాళ్ళ కింద నీళ్ళున్న చోట, తలుపు దగ్గర్లో నిలబడి తాగు. నిప్పయితే నీళ్ళు ఆర్పుతాయి, విషపు గాలైతే తలుపు దాటి పోవచ్చు. రెండోది, శత్రువు తరుముకొస్తుంటే తలుపు దాటి పక్కన నిలబడు. వాడు తలుపులోంచి బయటికి రాగానే కొడితే, వాడు నిన్ను ఇంకా చూడలేదు గనక ఆ దెబ్బ గురి తప్పదు. మూడోది, బలం పెంచే అప్‌గ్రేడ్ మంత్రాల కాగితపు చుట్టలు దొరికినప్పుడల్లా తలా ఒకటి పంచకు, ఒక మంచి ఆయుధమో కవచమో ఎంచుకుని వాటన్నిటినీ దానికే పెట్టు. అయిదో అంతస్తులో గూ అని ఒక బంకముద్ద ఎదురవుతుంది, అది ఉబ్బుతున్నట్టు కనిపించిందంటే వెంటనే దూరంగా జరుగు, పక్కనే నిలబడి ఇంకో దెబ్బ వేద్దామనుకున్నావంటే అంతే సంగతులు.

పరీక్షలయ్యాక వేసుకో. ఇది నిజంగా వదలదు.

ప్రశ్న: రోగ్‌లైక్ అన్నా డంజియన్ క్రాలర్ అన్నా ఒకటేనా? హేడీస్‌ని కూడా రోగ్‌లైక్ అంటున్నారు, అందులో నేలమాళిగ లేదు కదా?
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

ఒకటి కాదండి, కానీ చుట్టాలు. డంజియన్ క్రాలర్ అన్నది ఎక్కడ తిరుగుతున్నామో చెప్పే మాట. రోగ్‌లైక్ అన్నది ఎలాంటి నియమాలతో తిరుగుతున్నామో చెప్పే మాట.

రోగ్ అన్నది 1980 నాటి ఆట. కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ యూనివర్సిటీలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే విద్యార్థులు మొదలుపెట్టారు, తర్వాత బర్కిలీలో కెన్ ఆర్నాల్డ్ చెయ్యి వేశాడు. తెర మీద ఎక్కడ కావాలంటే అక్కడ అక్షరాన్ని పెట్టడానికి ఆర్నాల్డ్ రాసిన కర్సెస్ అనే ప్రోగ్రామ్ లైబ్రరీ వల్లే ఆ ఆట సాధ్యమైంది. అందులో ఈమెయిల్ చిరునామాలో వాడే 'ఎట్' గుర్తే హీరో, ఇంగ్లిషు పెద్ద అక్షరాలు 26 రకాల రాక్షసులు. అంతస్తుల్ని ప్రతిసారీ యంత్రమే కొత్తగా అల్లేట్టు ఎందుకు చేశారంటే, ఆట రాసినవాళ్ళు కూడా ఆడుతూ ఆశ్చర్యపోవాలని. మామూలుగా ఒక చిక్కుముడి ఆట రాసినవాడికి దాని జవాబు ముందే తెలుసు, వాడికి ఆ ఆటలో మజా ఉండదు. ఈ ఒక్క ఇబ్బందిలోంచి ఇన్ని వందల ఆటలు పుట్టాయంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. బర్కిలీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు రోగ్ కూడా యూనివర్సిటీలకి చేరింది, ఆడినవాళ్ళు తమ సొంతవి రాశారు. 1987లో నెట్‌హ్యాక్ అలా వచ్చిందే, పేరులోని 'నెట్' అంటే దాన్ని రాసినవాళ్ళు నెట్‌వర్క్ మీద ఒకరికొకరు కలిశారని.

అంతకుముందు కూడా ఉన్నాయి. 1975 ప్రాంతంలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ళ ప్లేటో అనే చదువు చెప్పే కంప్యూటర్ వ్యవస్థ మీద ఒకతను డంజియన్ ఆట రాసి, పాఠాల మధ్య కనిపించకుండా ఉండాలని దానికి పెడిట్5 అని పాఠం ఫైలు లాంటి పేరు పెట్టాడు. అయినా అక్కడివాళ్ళు దాన్ని పట్టుకుని తీసేశారు.

హేడీస్ సంగతి: 2020 నాటి ఆ ఆటలో చచ్చిపోతే మళ్ళీ మొదలు, గదుల వరస మారుతుంది, ఆ రెండు అలవాట్లూ రోగ్ నుంచి వచ్చినవే. కానీ చచ్చినా కొంత బలం మిగుల్చుకుని వస్తాం, పైగా చెయ్యి వేగం కావాలి. అలాంటివాటిని రోగ్‌లైట్ అంటున్నారు. దిగడం కాదు అందులో, పాతాళంలోంచి పైకి పారిపోవడం. అద్భుతమైన ఆట, కానీ వెనక్కి తిరగాలా అన్న ప్రశ్న అందులో లేదు.

ప్రశ్న: 2000 సంవత్సరం ప్రాంతంలో కాలేజీ ఎగ్గొట్టి నెట్ సెంటర్లో డయాబ్లో ఆడేవాళ్ళం. ఇప్పుడు కొత్త కంప్యూటర్ కొన్నాను. ఆ మొదటి డయాబ్లో ఇందులో నడుస్తుందా? లేక కొత్తవాటికే వెళ్ళమంటారా?
– బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

నడుస్తుందండి, మొదటిదే ఆడండి. గాగ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో దాన్నీ హెల్‌ఫైర్ అనే అదనపు భాగాన్నీ కలిపి అమ్ముతున్నారు, ఇప్పటి విండోస్‌లో నడిచేట్టు సర్ది మరీ ఇస్తారు. కొన్నాక ఇష్టమైతే డెవిల్యూషన్ ఎక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెచ్చుకోండి, మీరు కొన్న ఆట ఫైళ్ళని వాడుకుని అదే ఆటని పెద్ద తెర మీద శుభ్రంగా చూపిస్తుంది.

ఆ ట్రిస్ట్రమ్ ఊళ్ళో గిటార్ మోగుతుంటే చర్చి వైపు నడిచివెళ్ళడం మీకు గుర్తుండే ఉంటుంది. మ్యాట్ ఉల్మన్ అనే ఆయన పన్నెండు తీగల గిటార్ మీద వాయించిన సంగీతం అది. చర్చి కింద 16 అంతస్తులు, నాలుగేసి చొప్పున చర్చి, సమాధుల గదులు, గుహలు, నరకం. మీలో చాలామందికి తెలియని సంగతొకటి చెప్తాను. ఈ ఆట చేసిన డేవిడ్ బ్రెవిక్ బృందం దీన్ని మొదట అనుకున్నది రోగ్ లాగా, మనం అడుగేస్తేనే శత్రువు అడుగేసే ఆటగా. అది వెంటవెంటనే కదిలే ఆటగా ఉండాలని ఆటని ప్రచురించే బ్లిజార్డ్ కంపెనీ వాళ్ళు పట్టుబడితే, బ్రెవిక్ ఇష్టం లేకుండానే ఒక మధ్యాహ్నం కూర్చుని కోడ్ మార్చాడట. మార్చిన వెంటనే మౌస్ నొక్కి ఒక అస్థిపంజరాన్ని కొట్టి చూసి, ఇదే సరైన దారి అని అర్థమైందని ఆయనే తర్వాత చెప్పాడు. ఆట 1997 కొత్త సంవత్సరం రోజుల్లో దుకాణాలకి వచ్చింది. డయాబ్లో అన్న పేరు కూడా ఆయన ఉండే ప్రాంతంలోని కొండ పేరే.

మొదటిదే ఎందుకంటే, అందులో పరుగు లేదు. నేలమాళిగలో నడకే. గుంపు మీద పడితే తప్పించుకుపోవడం కష్టం, అందుకని ప్రతి తలుపూ ఆలోచించి తెరుస్తాం. రెండో అంతస్తులో ఆ నెత్తుటి గది, లోపల కత్తి పట్టుకుని బుచర్ అనే రాక్షసుడు. ఎదురెళ్తే రెండు నిమిషాల్లో మట్టి కరిపిస్తాడు. వాణ్ణి బయటికి రప్పించి, కడ్డీల అవతల నిలబడి సందుల్లోంచి బాణాలు వేసి చంపడం మీ నెట్ సెంటర్లో కూడా ఎవరో ఒకరు కనిపెట్టే ఉంటారు.

రెండో భాగం 2000లో వచ్చింది, దాన్నే 2021లో కొత్త బొమ్మలతో రిసరెక్టెడ్ అని తెచ్చారు. ఒక్క మీట నొక్కితే పాత బొమ్మలు, మళ్ళీ నొక్కితే కొత్తవి. సామాన్ల వేటకి దాన్ని మించింది ఇప్పటికీ లేదు. 2023 నాటి నాలుగో భాగం చూడ్డానికి గొప్పగా ఉంటుంది, కానీ నెట్ లేకపోతే తెరుచుకోదు, నేలమాళిగలన్నీ దారిలో తగిలే చిన్న మజిలీల్లా అయిపోయాయి. అది నాకు నచ్చలేదు.

ప్రశ్న: మా బాబుకి పదమూడేళ్ళు. డార్కెస్ట్ డంజియన్ అనే ఆట ఆడుతున్నాడు. అందులో మనిషి చచ్చిపోతే ఏడుస్తాడు, మౌస్ విసిరేస్తాడు, అన్నానికి పిలిస్తే "ఇప్పుడు ఆపలేను" అంటాడు. మాన్పించమంటారా?
– గృహిణి, రాజమహేంద్రవరం

అమ్మా, ఆ ఆటని మాత్రం కొన్నేళ్ళు పక్కన పెట్టించండి. చెడ్డ ఆట కాదు, నాకు చాలా ఇష్టమైన ఆట. కానీ అది పెద్దవాళ్ళ కోసం చేసింది. అందులో వీరులకి దెబ్బలతో పాటు భయం కూడా లెక్కలో ఉంటుంది, అది వందకి చేరితే చాలాసార్లు మనిషి మతి చెదిరి తోటివాళ్ళనే తిట్టడం మొదలుపెడతాడు, రెండొందలకి చేరితే గుండెపోటు వస్తుంది. వారాల తరబడి పెంచుకున్న మనిషి పోతే ఇక పోయినట్టే, వెనక్కి తెచ్చుకోవడానికి పాత సేవ్ ఉండదు. పదమూడేళ్ళవాడు ఏడవడం నాకేమీ వింతగా అనిపించలేదు.

ఒక్క విషయం మాత్రం తెలుసుకోండి. "ఇప్పుడు ఆపలేను" అన్నది నిజం కాదు. ఆ ఆట అడుగడుగునా తనంతట తానే సేవ్ చేసుకుంటుంది. నేలమాళిగ మధ్యలో కట్టేసి అన్నం తిని వచ్చినా అక్కణ్ణుంచే మొదలవుతుంది. వాడికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి, కోప్పడకుండా.

పూర్తిగా మాన్పించే బదులు 2020లో వచ్చిన మైన్‌క్రాఫ్ట్ డంజియన్స్ ఇప్పించండి. ఒకే తెర మీద నలుగురి దాకా ఆడొచ్చు, ఒక్కో మజిలీ చిన్నది, పడిపోతే పక్కవాడు లేపుతాడు. రెండో కంట్రోలర్ మీరు పట్టుకోండి. మీకు రాకపోయినా పరవాలేదు, వాడే నేర్పిస్తాడు, అమ్మకి నేర్పించడం కంటే పిల్లలకి సంతోషం ఇంకేముంటుంది.

ప్రశ్న: ఉద్యోగం, ఇల్లు, పాప పడుకున్నాక నాకు మిగిలేది అరగంట. చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ మెషీన్ ఉంది. అరగంటలో ఒక పూర్తి దిగుడు అయిపోయే ఆట ఏదైనా చెప్పండి.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

పైన ఆ బాబుకి వద్దన్నదే మీకు చెప్తున్నాను. డార్కెస్ట్ డంజియన్, 2016, కెనడాలోని వాంకూవర్‌కి చెందిన రెడ్ హుక్ అనే చిన్న బృందం చేసింది. చిన్న యాత్ర ఒకటి అరగంట, అటూ ఇటూ.

నలుగురిని వరసలో నిలబెట్టి పంపుతాం. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదే సగం ఆట, ఎందుకంటే వైద్యం చేసే ఆమెని లాగి ముందు వరసలో పడేసే శత్రువులు ఉంటారు. బయల్దేరే ముందు తిండి, దివిటీలు, కట్లు లెక్కగా కొనాలి. ఎక్కువ కొంటే డబ్బు వృథా, తక్కువ కొంటే చీకట్లో ఆకలితో తిరగాలి. దివిటీ బాగా వెలుగుతుంటే భయం తక్కువ, ఆరనిస్తే శత్రువులు రెచ్చిపోతారు కానీ దొరికే సొమ్ము పెరుగుతుంది. అన్నిటికంటే, ఎప్పుడైనా యాత్ర ఆపేసి వెనక్కి రావచ్చు. వస్తే అందరి మనసులూ ఇంకాస్త బరువెక్కుతాయి, పని సగంలో ఆగిపోతుంది, కానీ ప్రాణాలు దక్కుతాయి. నేను మొదట చెప్పిన తూకంరాయికి ఇంతకంటే బాగా సరిపోయిన కొత్త ఆట నాకు కనబడలేదు. ఇంకో గది చూద్దాం అనుకుని నలుగుర్నీ పోగొట్టుకున్న రాత్రులు నాకు చాలానే ఉన్నాయి, ప్రతిసారీ తప్పు నాదే.

ఒక్క హెచ్చరిక: చివరికొచ్చేసరికి అదే పని మళ్ళీ మళ్ళీ చెయ్యాల్సి వస్తుంది. తేలిక స్థాయిలో పెట్టుకోండి, యాత్రల సంఖ్య తగ్గుతుంది.

ప్రశ్న: నేను లెక్కల టీచర్ని. కొట్లాట ఆటలు నావల్ల కాదు, అంత వేగం లేదు. కానీ మ్యాప్ గీసుకుంటూ, ఆలోచించుకుంటూ ఆడే పాత ఆటలు ఉన్నాయని మా అబ్బాయి అన్నాడు. నిజమేనా?
– ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని, శ్రీకాకుళం జిల్లా

టీచర్‌గారూ, ఈ ఉత్తరం చదివినప్పటి నుంచి జవాబు రాయాలని చెయ్యి ఆగడం లేదు. ముందుగా ఒక గ్రాఫ్ పుస్తకం, పెన్సిలు, రబ్బరు తీసుకోండి.

విజార్డ్రీ అనే ఆట 1981లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు రాశారు. కథలో వెర్డ్నా అనే మాంత్రికుడు, ట్రెబర్ అనే పిచ్చి రాజు ఉంటారు, ఆ పేర్లని ఇంగ్లిషులో వెనక నుంచి చదివితే ఆండ్రూ, రాబర్ట్ అని వస్తాయి. నేలమాళిగకి పది అంతస్తులు, ఒక్కో అంతస్తు అడ్డం 20 గడులు, నిలువు 20 గడులు. మీ గ్రాఫ్ కాగితంలో సరిగ్గా సరిపోతుంది. ఆరుగురిని తయారుచేసుకుని పంపాలి. ఎదురుగా గోడలు, తలుపులు మాత్రమే కనిపిస్తాయి, పై నుంచి చూసే పటం లేదు. పటం మీ పుస్తకంలోనే.

అసలు మజా ఏమిటంటే, ఆట మీ పటాన్ని పాడుచెయ్యడానికి ప్రయత్నిస్తుంది. కొన్ని గడుల్లో అడుగుపెడితే తెలియకుండా మిమ్మల్ని గిర్రున తిప్పి వేరే దిక్కుకి నిలబెడుతుంది. కొన్ని గడులు ఎక్కడికో విసిరేస్తాయి. కొన్ని చోట్ల కటిక చీకటి. తూర్పు అంచు దాటి నడిస్తే పడమటి అంచులో తేలతారు, కాగితాన్ని చుట్ట చుట్టినట్టు. మీరు పిల్లలకి చెప్పే నిరూపకాలు ఇక్కడ ప్రాణాలు కాపాడతాయి. డుమాపిక్ అనే మంత్రం వేస్తే, మెట్ల నుంచి తూర్పుకి ఇన్ని గడులు, ఉత్తరానికి ఇన్ని గడులు, ఇన్ని అంతస్తుల కింద ఉన్నారని చెబుతుంది. మాలర్ అనే ఇంకో మంత్రానికి మీరే దూరాలు చెప్తే అక్కడికి చేరుస్తుంది, లెక్క తప్పి రాతి గోడలో తేలారంటే మొత్తం ఆరుగురూ పోతారు. కూడికలో ఒక తప్పుకి ఇంత శిక్ష వేసే ఆట ఇంకోటి నేను చూడలేదు.

చచ్చినవాళ్ళని గుడికి మోసుకెళ్తే డబ్బు తీసుకుని బతికించే ప్రయత్నం చేస్తారు. అది విఫలమైతే బూడిద. బూడిదని మళ్ళీ ప్రయత్నించి విఫలమైతే ఆ పేరే జాబితాలోంచి పోతుంది. అందరూ కింద చచ్చిపడితే, కొత్త ఆరుగురిని పెంచి, ఆ శవాల్ని వెతుక్కుంటూ దింపాలి. మీ పాత పటం అప్పుడు ఎంత విలువైనదో తెలుస్తుంది.

ఈ విజార్డ్రీనే 2024లో డిజిటల్ ఎక్లిప్స్ అనే కంపెనీ వాళ్ళు కొత్త బొమ్మలతో తెచ్చారు. కావాలంటే తెర మూలలో 1981 నాటి గీతల ఆట కూడా పక్కపక్కనే నడుస్తూ కనిపిస్తుంది, లోపల అసలు ఆటే ఉంది. కొత్తవాళ్ళకి కొన్ని సడలింపులూ ఉన్నాయి. దానితోనే మొదలుపెట్టండి, అది పటం తనే గీసిచ్చినా చూడకుండా మీది మీరు గీయండి.

విజార్డ్రీ జపాన్‌లో చాలా పేరు తెచ్చుకుంది, అక్కడి డంజియన్ ఆటలకి అదే మూలం. ఎట్రియన్ ఒడిస్సీ అని 2007లో నింటెండో డీఎస్ అనే రెండు తెరల చిన్న ఆట యంత్రం మీద వచ్చింది, పై తెరలో అడవి దారి, కింది తెరలో గళ్ళ కాగితం, చిన్న పుల్లతో గోడలూ తలుపులూ మనమే గీసుకోవాలి. కొన్ని పెద్ద శత్రువులు పటం మీదే కనిపిస్తాయి, మనం ఒక గడి జరిగితే అవీ ఒక గడి జరుగుతాయి, వాటితో పోట్లాడకుండా దారి లెక్కపెట్టుకుని తప్పుకోవాలి. 2023లో మొదటి మూడు భాగాలూ నింటెండో స్విచ్‌ అనే ఆట యంత్రానికీ కంప్యూటర్‌కీ వచ్చాయి. మీకు ఇది విజార్డ్రీ కంటే ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం, రంగులు హాయిగా ఉంటాయి, చావు కూడా అంత కఠినం కాదు.

ఇదే చెట్టుకి ఇంకో కొమ్మ ఉంది. 1987లో అటారీ ఎస్‌టీ కంప్యూటర్ మీద వచ్చిన డంజియన్ మాస్టర్, గడుల మీదే నడిచినా కాలం ఆగదు, ఆలోచిస్తుండగానే శత్రువు వచ్చేస్తాడు. దాని వారసుడు 2012లో ఫిన్‌లాండ్ వాళ్ళు చేసిన లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్. నలుగురు ఖైదీల్ని ఒక కొండలోకి తోసేస్తారు, దిగుతూ పోవాలి. కొట్లాటలో చెయ్యి కాస్త చురుగ్గా కదలాలి, అందుకే మీకు మొదటిదిగా చెప్పడం లేదు. కానీ అందులోని పొడుపు గదులు, నేల మీద బరువు పెడితే తెరుచుకునే తలుపులు, గోడ మీద రెండు వాక్యాల ఆధారం చదివి గంటసేపు తల పట్టుకోవడం, అవి మీకోసమే చేసినట్టుంటాయి. మొదట్లో పాత పద్ధతి అని ఒక ఎంపిక ఉంటుంది, అది పెట్టుకుంటే పటం రాదు, మళ్ళీ గ్రాఫ్ పుస్తకమే. కొట్లాటలప్పుడు మీ అబ్బాయిని పిలవండి.

విజార్డ్రీ పటం గీసేటప్పుడు మెట్లున్న గడిని మూలబిందువుగా పెట్టుకోండి, కింద ఎడమ మూలకి దగ్గరగా వేసుకుంటే కాగితం చాలుతుంది. గిర్రున తిప్పే గడికి చిన్న సున్నా, విసిరేసే గడికి బాణం, చీకటి ఉన్న చోట పెన్సిల్‌తో పల్చగా రుద్దండి. పెన్ను మాత్రం వాడొద్దు. మొదటి అంతస్తు పూర్తవగానే ఆ పేజీ ఫోటో తీసి పంపండి టీచర్‌గారూ, వచ్చే నెల ఇక్కడే వేద్దాం.